నల్ల గొంగడి, తెల్ల చీర

ఇప్పుడు పొద్దున నేను రెండు జొన్నరొట్టెలు చేస్తున్నాను. ఒకటి పొద్దటికి, ఒకటి మాపటికి. పిండి పిసకడం, తట్టడం, పెనం మీద వేసి తడిచేత్తో రుద్దడం, తిరగేయడం, అన్నీ నా చేతులే. ఒకప్పుడు ఇది ఇద్దరి పని. నేను తట్టి ఇచ్చేదాన్ని, మా కోడలు శోభ కాల్చేది. పొయ్యికి ఎదురుగా, గోడకు వీపు ఆనించి మా ఆయన కూర్చునేవాడు. ఆయన ఒళ్ళో మనవరాలు లాస్య. వేడి రొట్టె తుంచి కారం అద్ది పిల్ల నోటికి అందియ్యబోయి, కారమని గుర్తొచ్చి తానే నోట్లో వేసుకుని, కథ చెప్పేవాడు. ఆ కథలు మా దిక్కువి కావు. జపాను సినిమాలవి.

కురుమ అంజన్న అంటే మా ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. మాది కల్వకుర్తి పక్క ఊరు. ఆయన పుట్టింది మందలో, పెరిగింది మందలో. ఎండాకాలం మేత కోసం గొర్రెలను తోలుకుని అమ్రాబాద్ అడవి అంచుల దాకా నడిచిపోయేవాడు. వానలు పడితేనే ఇల్లు చూసేవాడు. మోకాళ్ళు అరిగి, కర్ర పట్టినా కొండ ఎక్కలేని రోజు వచ్చాక మందను అమ్మేశాడు. అమ్మిన రోజు గొర్రెల వెంట ఊరి చివర దాకా పోయి, అవి వెనక్కి తిరుగుతాయేమోనని ఈల వేయకుండా పెదవులు బిగబట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత కల్వకుర్తిలో ఒక కాలేజీకి వాచ్‌మన్‌గా కుదిరాడు. మందకు కాపలా పోయి గేటుకు కాపలా వచ్చింది.

మాకు ఒక్కడే కొడుకు, మల్లేశ్. డీసీఎం వ్యాను నడిపేవాడు. ఊళ్ళ వెంట గొర్రెలను ఎక్కించుకుని పట్నం అంగడికి తోలేవాడు. తెలంగాణ వచ్చిన రెండో ఏడు, శ్రీశైలం రోడ్డు మీద, తిరుగు ప్రయాణంలో, ఖాళీ వ్యానుతో వస్తూ పోయాడు. అప్పటికి లాస్య ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది.

శోభ పుట్టిల్లు నారాయణపేట దిక్కు. అన్న వచ్చి పిలిచాడు. ఆమె పోలేదు. "ఈడనే ఉంట అత్తమ్మా" అన్న ఒక్క మాట తప్ప ఏమీ అనలేదు. నా పక్కనే లేచేది, నా పక్కనే పడుకునేది. మా ఆయన పొద్దున బస్సుకు బయలుదేరే వేళకు మాత్రం తలుపు వెనక్కి జరిగేది. భర్త పోయిన ఆడది ఎదురు రావద్దంటారు కదా. ఆయనకు అది తెలిసిపోయింది. చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి పిలిచేవాడు.

"శోభా, నా సద్ది ఏది బిడ్డా?"

"ఆడ గోడ కొయ్యకు తగిలిచ్చిన మామా."

"నాకు అందుతలేదు. నువ్వే తెచ్చియ్యి."

అది ఆయన భుజమంత ఎత్తులో ఉండేది. శోభ ఎదురొచ్చి గిన్నె చేతికి ఇచ్చేదాకా అడుగు కదిలేవాడు కాదు.

ఆ కాలేజీలో ముజఫ్ఫర్ సారు అని ఒక లెక్చరర్ ఉండేవాడు. నెలకు ఒక ఆదివారం పగటిపూట మేడమీది గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద సినిమా వేసేవాడు. ఊళ్ళోని పంతుళ్ళు, ఒక ఫోటోస్టూడియో ఆయన, ఇట్లా పదిమంది వచ్చేవాళ్ళు. సారుకు ఎందుకో జపాను సినిమాలంటే ప్రాణం. పాతవి, తెలుపు నలుపువి. పెండ్లిళ్ళు, తండ్రీబిడ్డలు, కోడండ్లు, పాత ఇండ్లు, మారిపోయే కాలం, అవే వాటిలో ఉండేవట. సినిమాకు ముందు సారు కథ గురించి నాలుగు మాటలు చెప్పేవాడు. ఆ మాటలు మా ఆయన ఎన్నడూ వినలేదు. ఆఖరి బండి లోపలికి వచ్చిందాకా ఆగి, గేటు వేసి మెట్లెక్కేసరికి బొమ్మ మొదలయ్యేది. మళ్ళీ బొమ్మ అయిపోకముందే కిందికి దిగి గేటు తీయాలి. కాబట్టి ఆయన చూసిన సినిమాలకు మొదలూ లేదు, ఆఖరూ లేదు. భాష రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవరాదు. అయినా మర్నాడు పొయ్యి కాడ కూర్చుని కథ చెప్పేవాడు.

"వాళ్ళ ఇండ్లల్ల మంచాలు లేవే. మన లెక్కనే చాపల మీద కూసుంటరు, చాపల మీదనే పంటరు. చెప్పులు గడప కాడనే ఇడుస్తరు."

"మంచిగనే ఉన్నరు గద మామా," అనేది శోభ.

"మంచిగనే ఉన్నరు గని ఒక్కలు గట్టిగ మాట్లాడరు బిడ్డా. ఏడుపొస్తే నవ్వుతరు. అచ్చం మీ అత్త లెక్క."

"నన్ను సినిమాల కలుపకు," అనేదాన్ని.

"తర్వాత ఏమైతది మామా? ఆ పిల్ల ఇంటికొచ్చిందా?"

"ఏమో బిడ్డా, నేను గేటు తియ్యబోయిన."

శోభ నవ్వేది. మల్లేశ్ పోయాక మా ఇంట్లో మొదటి నవ్వు అదే. ఆ నవ్వు కోసమే ఆయన ఆఖరు తెలియని కథలను మరీ ఇష్టంగా చెప్పేవాడని నాకు అనుమానం.

"భాష రాదంటివి, గింత కథ ఎట్ల తెలిసె నీకు?" అని ఒకసారి అడిగాను.

"గొర్రె ఎన్నడన్న నాతోని మాట్లాడిందా? మందల దేనికి నొప్పున్నదో నడక చూసి చెప్పలేదా నేను? మనిషి గూడ గంతే. కూసున్న తీరు, లేసిన తీరు చూస్తే సాలు."

మూడు నాలుగేండ్లు అట్లా గడిచాయి. లాస్య బడికి పోవడం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది ఆ గొడుగుల ముసలాయన సినిమా.

ఆ సోమవారం ఆయన రొట్టె ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"ఒక ఊరు. ఎప్పుడు చూసినా వాన. ఒక ముసలాయన కాయితం గొడుగులు చేసి అమ్ముకుంటడు. ఇంట్ల ఒక పడుసు పిల్ల, ఒక చిన్న పిల్ల. గోడకాడ ఒక పోరగాని ఫోటో, దాని ముందట ఊదుబత్తి. ఆ పిల్ల పొద్దుగాల లేస్తనే ఆ ఫోటో ముందట కూసొని దండం పెడ్తది. తర్వాతనే ముసలాయనకు అన్నం పెడ్తది."

"కొడుకు పోయిండు," అన్నాను నేను.

"కొడుకు పోయిండు. కోడలున్నది."

శోభ పెనం మీది రొట్టె తిప్పలేదు.

"ఒకనాడు ఎవరో వచ్చి ఇంకొక పోరగాని ఫోటో ఇచ్చి పోయిండ్రు. ఆ పిల్ల నేను పోనని తల అడ్డం ఊపె. ముసలాయన తిట్టలే, బతిమాలలే. చేసిన గొడుగు ఇప్పి ఆమె చేతిల పెట్టిండు, గంతే. ఇగ ఆ పిల్ల తెల్లచీర కట్టుకొని, తలకు తెల్ల ముసుగేసుకొని వచ్చి ఆయన ముందట మోకాళ్ళ మీద కూసున్నది. నెత్తి నేలకు ఆనిచ్చింది. ఆయన గూడ వంగిండు. కోడలికి మామ వంగుడు ఎన్నడన్న చూసినమా? తర్వాత ముందటి తలుపుకెల్లే పోయింది. పట్టపగలు. వాడంత నిలవడి చూస్తాంది."

"తెల్లచీరతోనే పోయిందా?" అని అడిగాను.

"తెల్లచీరతోనే. ఏం దాపెట్టలే. మొగడు పోయిన పిల్లనని అందరు చూడంగనే పోయింది."

"చిన్న పిల్ల?" అన్నది శోభ. ఆమె మొహం పొయ్యి వైపే ఉంది.

"తల్లి చేతిమీది బట్ట పట్టుకొని ఎంబడే పోయింది."

రొట్టె మాడిన వాసన అప్పుడు వచ్చింది మా ముగ్గురికీ.

మా కులంలో భర్త పోయిన ఆడదానికి మళ్ళీ మనువు లేకపోలేదు. మారుమనువు అంటారు. అది పెండ్లి లెక్క కాదు. దీపాలు పెట్టినంక, ఇంటి వెనక, నలుగురు మనుషుల ముందు పుస్తె కట్టిస్తారు. బాజా ఉండదు, బాసికం ఉండదు. ఆమె దొడ్డితలుపు నుంచి పోతుంది. పిల్లలుంటే వాళ్ళు తండ్రి ఇంటి మనుషులు కాబట్టి ఇక్కడే ఉంటారు. అట్లా పోయిన తల్లి, ఇక్కడ ఉన్న పిల్ల ఎదురుపడితే ఎట్లా చూసుకుంటారో నేను చిన్నప్పుడే మా వాడలో చూశాను.

వారం తిరగకముందే మా ఆయన కులపెద్ద భిక్షం ఇంటికి పోయాడు. భిక్షం మా ఆయనకు పెదనాయన కొడుకు, వయసులో పెద్ద. ఆయనా, భార్య గోవిందమ్మా ఉండేది మా గోడ పక్క ఇంట్లోనే, కాబట్టి వాళ్ళ అరుగు మీద మాట్లాడిన మాటలు నాకు వాకిట్లోకి వినబడతాయి.

"చేస్తే చెయ్ అంజీ, ఎవడొద్దన్నడు? మనల ఉన్నదే. గని బాజాలంటవు, గొంగడి పరుస్తనంటవు, పగటిపూటంటవు. ఏంది కథ?"

"కథనే అన్నా. జపాన్‌ల చూసిన."

అరుగు మీద ఉన్న వాళ్ళంతా నవ్వారు.

"వీడు జపాను చూసి కోడలికి పెండ్లి చేస్తడట. రేపు ఇంకో దేశం సినిమా చూసి నాకు రెండో పెండ్లి చేస్తనంటడు."

"నీకు చేస్తె వదినె నన్ను ఊకె ఇడుస్తదా?"

మళ్ళీ నవ్వు. అది ఆగాక భిక్షం గొంతు మారింది.

"అంత ఒక ఎత్తు. పిల్లను గూడ తోలుతవా? మల్లేశు రక్తం అది. ఇంటిపేరు అది."

"ఇంటిపేరు మోసేటందుకు అది ఇంకా చిన్నదన్నా," అన్నాడు మా ఆయన.

ఆనాటి నుంచి ఊళ్ళో ఆయన పేరు జపాన్ అంజన్న.

నాకు శోభ పోవడం ఇష్టం లేదని కాదు. చిన్న వయసు. ఎన్నాళ్ళని నా పక్కన రొట్టెలు కాలుస్తుంది? కానీ లాస్య వేరు. దాని నుదురు మల్లేశ్ నుదురు. నిద్రలో పిడికిలి గడ్డం కింద పెట్టుకోవడం వాడిదే. నేను మాట్లాడే మనిషిని కాను. ఒక్కసారే అన్నాను, ఆయన స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలుపుతూ.

"శోభను తోలు. నేనేం అనను. పిల్లను నాకిడువు."

ఆయన చెంబు పట్టుకుని అట్లనే నిలబడ్డాడు.

"చూసిన గద బక్కమ్మా. ఆ చిన్న పిల్ల తల్లి ఎంబడే పోయింది. ముసలాయన ఆపలే."

"ఆ ముసలాయనకు పెండ్లామున్నదా?"

"లేదు."

"ఉంటె ఆపునేమో."

ఆయన నీళ్ళు చల్లారాక పోసుకున్నాడు. నేను కూడా తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఎక్కడో ఒక దేశంలో, అంత మర్యాద తెలిసిన ముసలాయన, మనవరాలిని ఆపకుండా పంపాడంటే, అది జరగరాని పని కాదేమో అనుకున్నాను. రాత్రిళ్ళు లాస్య పిడికిలి విప్పి నా వేలు పెట్టుకుని ఆ ముసలాయననే తలుచుకునేదాన్ని. ఆయన మీద కోపం వచ్చేది. ఆయనే చేయగలిగినప్పుడు నేనెందుకు చేయలేను అని ధైర్యమూ వచ్చేది.

అచ్చంపేట నుంచి సంబంధం వచ్చింది. పేరు మల్లికార్జున్. మావాళ్ళే. మోటర్లు, బోరు పంపులు బాగుచేసే దుకాణం. మొదటి భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. చూడ్డానికి వచ్చిన నాడు శోభను కాక, తలుపు చాటున ఉన్న లాస్యను చూసి, "నీ పేరేంది? ఎన్నో తరగతి?" అని అడిగాడు. శోభ అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి తల ఎత్తింది. అక్కడే అయిపోయింది ఆ పెండ్లిచూపు.

పెండ్లి ముందటి నెల ఆదివారం ఆయన ఎప్పటిలాగే సినిమాకు పోయాడు. మర్నాడు పొయ్యి కాడ కూర్చున్నాడు కానీ నోరు విప్పలేదు.

"నిన్నటి కథ చెప్పు మామా," అంది శోభ.

"నిన్నటిది మంచిగ లేదు బిడ్డా. మధ్యల నిద్రవట్టింది."

మంద కాసిన మనిషి. కూర్చుని నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. అయినా పెండ్లి పనుల అలసట అనుకున్నాను.

చీర తేవడానికి ఆయనే నారాయణపేట పోయాడు. మా వాడ ఆడవాళ్ళు నవ్వుకున్నారు, జపాన్ అంజన్న తెల్లచీర తెస్తాడేమోనని. నాకూ ఆ భయం ఉండింది. తెచ్చింది మిరపపండు రంగు చీర, పచ్చని అంచు. శోభ ముడుచుకుపోయి, "నాకు గింత రంగు ఎందుకు మామా" అంది. "కట్టు బిడ్డా, నేయించినోడు నిన్ను చూసే నేయించిండు," అన్నాడు.

కురుమల పెండ్లి నల్ల గొంగడి మీద జరుగుతుంది. లోకానికి నలుపు చెడు, మాకు అదే శుభం. మాది ఉన్ని కంకణం కట్టుకునే ఇల్లు. ఆ కంకణానికి దారం నేనే వడికాను. గొంగడి మాత్రం కొత్తది తేలేదు ఆయన. అటక మీద నుంచి పాతది దించాడు. మా మందలోని గొర్రెల ఉన్ని, నేను కదురు మీద వడికిన దారం, మల్లేశ్ పెండ్లికని నేయించింది. శోభ మొదటిసారి కూర్చున్నదీ దాని మీదే. గోవిందమ్మక్క గడ్డం మీద వేలు పెట్టుకుంది. "అదే గొంగడా?" అంది. "మన ఇంటిదే అది. పిల్ల మన ఇంట్లకెల్లే పోతాంది గద వదినే," అన్నాడాయన.

మా ఇంటి ముందే, ఎండ బాగా ఎక్కిన వేళ, డప్పులతో పెండ్లి అయింది. భిక్షం బావ రానన్నవాడు వచ్చి మొదటి అక్షింతలు ఆయనే వేశాడు. పోయే వేళ శోభ ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన కూడా వంగాడు. అరిగిన మోకాళ్ళు రెండూ నేలకు ఆనించి, చేతులు జోడించి, కోడలి ముందు తల దించాడు. డప్పు ఆగిపోయింది. లాస్య తల్లి కొంగు పట్టుకుంది. ఆ పొద్దున దాని తలకు నేనే నూనె పెట్టి జడ వేశాను. రిబ్బను ముడి బిగుతుగా వేశానేమో, పోతూ పోతూ చెయ్యి పెట్టి సడలించుకుంటోంది. ముందటి తలుపు నుంచే పోయారు ఇద్దరూ.

అందరూ పోయాక ఆయన ఆ గొంగడి మీద ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. నేను దులిపి మడతపెడదామని పోతే, "నేను పెడ్త పో," అన్నాడు. ఆయనే మడిచి అటక మీద పెట్టాడు.

మొదట్లో లాస్య ప్రతి సెలవుకూ వచ్చేది. వచ్చిన నాడు నవ్వు, పోయే నాడు ఏడుపు. తర్వాత పోయే నాడు ఏడ్వడం మానేసింది. తర్వాత సెలవుల్లో ట్యూషన్లు వచ్చాయి, స్నేహితురాళ్ళు వచ్చారు. మంచిదే కదా అనుకునేవాళ్ళం. ఆయన సినిమాలకు పోతూనే ఉండేవాడు కానీ కథలు తగ్గిపోయాయి. వినేది నేనొక్కదాన్నే. నాకు శోభ లెక్క తర్వాత ఏమైందని అడగడం రాదు.

పోయిన యేడు వానాకాలం, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచి, ఛాతీ పట్టుకుని గడప మీదే కూర్చున్నాడు. దవాఖాన దాకా చేరాడు, అంతే. శోభ వచ్చి దినం అయ్యేదాకా ఉంది. కూతురుంటే ఏమేం చేసేదో అన్నీ చేసింది. లాస్య నా భుజం దాకా ఎదిగింది. "అవ్వా, నువ్వు మాతోని రా. మా నాయిన గూడ తోలుకరమ్మన్నడు," అంది. నాయిన అనగానే నా కళ్ళు గోడ మీది మల్లేశ్ ఫోటో వైపు పోయాయి. అది మల్లికార్జున్ సంగతి చెప్తోందని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. నేను పోలేదు.

పోయిన మనిషి బట్టలు, రోజూ కప్పుకునే గొంగడి ఇచ్చేయడం మా ఆచారం. ఇచ్చేశాం. అటక మీదిది ఇవ్వలేదు. దాని సంగతి ఎవరూ అడగలేదు.

మొన్న వానలు తగ్గుముఖం పట్టాక ముజఫ్ఫర్ సారు వచ్చాడు. ఇప్పుడు రిటైరయ్యాడు, కండ్లద్దాలు మందమయ్యాయి. అంజన్న పోయినప్పుడు తాను కొడుకు దగ్గర ఉండి రాలేకపోయానని చాలా బాధపడ్డాడు. చాయ్ తాగి, సంచిలోంచి కంప్యూటర్ తీశాడు.

"చెల్లె, అంజన్నకు మస్తు ఇష్టమైన సినిమా ఉండె. గొడుగుల ముసలాయనది. నువ్వు ఎన్నడు చూడలేదంట గద. చూస్తవా?"

చూస్తానన్నాను. జొన్నల డబ్బా మీద పెట్టి, దగ్గర కూర్చోబెట్టాడు. నేను ఎన్నిసార్లు విన్నానో ఆ ఇల్లు అట్లనే ఉంది. వాన, చాపలు, గొడుగు కర్రలు. ఫోటో ముందు ఊదుబత్తి. ముసలాయన సన్నగా, నేను అనుకున్నదాని కంటే చిన్నగా ఉన్నాడు.

"కొడుకు ఫోటో," అన్నాను.

"అవ్ చెల్లె, యుద్ధంల పోయిండు. ఆ పిల్లకు అన్న."

"అన్న ఏంది సారూ? మొగడు గద. ఈమె కోడలు."

"కాదు, బిడ్డ. ఇద్దరు ఆయన బిడ్డలే. పెద్దదాని పెండ్లి కథ ఇది. వాళ్ళల్ల పెండ్లిపిల్ల తెల్లవి కడ్తది. మన దిక్కు ఎర్రవి కట్టినట్టు."

తెల్లచీర పిల్ల ముసలాయన ముందు తల వంచింది. ఆయన వంగాడు. ముందటి తలుపు నుంచి పోతోంది. చిన్న పిల్ల ఆమె చేతిమీది బట్ట పట్టుకుని వెంట నడుస్తోంది. మా ఆయన చెప్పినట్టే, అడుగు తప్పకుండా. ఇక్కడ ఆయన గేటు తీయడానికి లేచిపోయి ఉంటాడు. బొమ్మ మాత్రం ఆగలేదు. వీధి మలుపు కాడ పెద్ద పిల్ల చిన్నదాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. గొడుగు దాని చేతికి ఇచ్చింది. చిన్న పిల్ల వానలో ఒక్కతే వెనక్కి నడిచి వచ్చి, గడప కాడ చెప్పులు విడిచి, ముసలాయన పక్కన కూర్చుంది. ఆయన దానికి అన్నం పెట్టాడు. ఇద్దరూ తింటున్నారు. అయిపోయింది.

సారు కండ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆయన కూడ నీ లెక్కనే అనుకున్నడు చెల్లె. మీ కోడలి పెండ్లి ముందటి నెల నాతోని చెప్పిండు, సారూ, గా సినిమా చూసి మా ఇంట్ల గిట్ల చేస్తున్న అని. నేను ఊకోలేక అసలు కథ చెప్పిన. ఆఖరు గూడ ఏసి చూపిచ్చిన."

"పెండ్లి ముందటనా?"

"ముందటనే. మొదలు నవ్విండు. మేం పెండ్లిపిల్లను నల్ల గొంగడి మీద కూసోవెడ్తం, వాళ్ళు తెల్లవి కడ్తరు, గా మాత్రం నాకు తట్టకపాయె సారూ అన్నడు. తర్వాత చిన్న పిల్ల మల్లొచ్చుడు చూసి నవ్వుడు ఆపిండు. నేను ఇంక జర ఆలోచించుకో అంజన్నా అన్న. ఆలోచించుకున్న సారూ అన్నడు. మా కోడలు పిల్లను ఇడిచి పోదు, పోకుంటె ఆమె బతుకు పొయ్యి కాడనే తెల్లారుతది. మా ఆమె గా ముసలాయన మీది నమ్మకంతోనే పిల్లను ఇడుస్తాంది. ఆఖరు మా ఇంట్ల చెప్పకుండ్రి అన్నడు."

సారు పోయేటప్పుడు, "చెప్పి తప్పు చేసిన్నా చెల్లె?" అని అడిగాడు. లేదన్నాను. గేటు దాకా పోయి వేసి వచ్చాను.

ఇన్నేండ్లు నా కోపమంతా ఆ గొడుగుల ముసలాయన మీద పెట్టుకున్నాను. పాపం, ఆయన తన చిన్న బిడ్డను ఎక్కడికీ పంపలేదు. పంపింది మా ఆయన. ఏ సినిమా చూసీ కాదు, తానే అనుకుని. ఆఖరు తెలిసి కూడా లాస్యను తల్లి కొంగు వెంట తోలాడు. అంత మాట కడుపులో పెట్టుకుని నాతో కలిసి రొట్టె తిన్నాడు. ఇప్పుడు కోపం చేద్దామంటే మనిషి లేడు. ఆయన చేసింది సరి కాదందామంటే, శోభ మొహం చూసిన దాన్ని, కాదనలేను. సరే అందామంటే నా వేలు రాత్రి పూట ఖాళీగా ఉంటుంది. నాతో చెప్పి ఉంటే నేను పిల్లను విడిచేదాన్నా? నేను విడవనని ఆయన అనుకున్నాడు. గొర్రె నడక చూసి నొప్పి చెప్పగలిగిన మనిషి. నా నడక చూసే అనుకుని ఉంటాడు.

దసరా దగ్గర పడింది. నిన్న గోవిందమ్మక్క గోడ మీంచి కేకేసింది.

"చెల్లే, ఎండ మంచిగున్నది. అటక మీది గొంగడి దించి దులుపు. లేకుంటె పురుగు కొడ్తది."

స్టూలేసుకుని దించాను. వాకిట్లో మంచం మీద పరిచాను. ఆయన వేసిన మడతలు అట్లనే ఉన్నాయి, మందలో ఉన్నప్పుడు తలకేసుకోవడానికి మడిచే తీరులో. విప్పితే నల్లటి నేతలో పసుపు బియ్యం. అక్కడక్కడ, పోగుల మధ్య ఇరుక్కుని, రంగు వెలిసి. ఒక కొసన నేను వడికిన కంకణం పోగు కూడా చిక్కుకుని ఉంది. ఆయన మడిచేటప్పుడు దులపలేదు.

గోవిందమ్మక్క కోళ్ళు రెండు గింజలు చూసి వచ్చి మంచం చుట్టూ నిలబడ్డాయి. వాటిని తోలాను. నాలుగు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే అయిపోయే పని. రెండు కొసలు పట్టుకున్నాను కూడా.

"దులిపినవా?" అని గోడ అవతలి నుంచి అడిగింది అక్క.

మడతల మీదనే మడత వేసి, గింజలు జారకుండా ఎత్తుకుని, మళ్ళీ అటక మీద పెట్టాను.

"దులపనక్కా," అన్నాను.